ఎదురుగాలికి నడిచే పడవ

మా నాయిన డెబ్బై రెండేళ్ళ జీవితంలో గాలితో పెట్టుకున్న పెద్ద పని ఒక్కటే, కందులు తూర్పారబట్టడం. కల్లంలో ఎత్తుపీట ఎక్కి, చాటెడు గింజలు తల మీది నుంచి మెల్లగా జారవిడుస్తాడు. గింజ కాళ్ళ దగ్గర రాశిపడుతుంది. పొట్టు గాలి ఎటు పోతే అటు పోతుంది. తేలికైనది ఏదైనా సరే, గాలికి చిక్కితే గాలి వెంటే పోవాలి. ఆయన లెక్క అది. కల్లంలో ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు.

అందుకే ఆ ఆదివారం ట్యాంక్‌బండ్ మీద రెయిలింగ్ పట్టుకుని నిలబడి, కళ్ళ ముందు జరుగుతున్నది చూసి కూడా ఆయన నమ్మలేదు. జులై నెల. పడమటి గాలి హుస్సేన్‌సాగర్ మీదుగా వచ్చి నేరుగా మా ముఖాలకు కొడుతోంది. నీళ్ళ మీద ముప్ఫయి దాకా తెల్లటి తెరచాపలు. అవన్నీ మాకు దగ్గరగా బయలుదేరి, ఆ గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో ఆ దిక్కుకే పోతున్నాయి.

"లోపల మోటరు పెట్టినట్టున్నరురా," అన్నాడు.

"లేదు తాతా, మోటరు పెడితే ఆటలకెళ్ళి తీసేస్తరు," అంది మా చిన్నది. అది ఏడో తరగతి.

"మరెట్ల? గాలి అటుకెల్లి రావట్టె, పడవ అటే పోవట్టె. ఎక్కడన్న ఉన్నదా గట్ల?"

ఇద్దరూ నా వైపు చూశారు. ఇరవై ఏళ్ళుగా బడిలో భౌతికశాస్త్రం చెబుతున్నవాణ్ణి కాబట్టి జవాబు నా దగ్గర ఉండాలి. ఉంది. కానీ ఆ రోజు ఆ జవాబులో సగానికి పైగా మా ఇంట్లోవాళ్ళే చెప్పారు.

పొద్దున చీకటితోనే కుల్కచర్లలో బస్సెక్కాం. పాంబండ గుట్ట మీద మబ్బు దిగి ఉంది. పరిగి దగ్గరికి వచ్చేసరికి తెల్లారింది. అక్కడి గాలిమరల రెక్కలు మంచులో కనబడుతూ మాయమవుతూ తిరుగుతున్నాయి. నైరుతి రుతుపవనం రోజుల్లో మా వైపు గాలి పడమర నుంచో, నైరుతి మూల నుంచో వీస్తుంది. హైదరాబాద్ మాకు ఈశాన్యాన ఉంది, కాకి ఎగిరే దారిలో 80 కిలోమీటర్లకు అటూ ఇటూ. గాలి గంటకు 20 కిలోమీటర్లు నడిస్తే నాలుగు గంటల ప్రయాణం. అంటే మా వాకిట్లో వేపచెట్టును ఊపిన గాలే మా బస్సు వెనకాల బయలుదేరి, మేం టిఫిన్ చేసి బండ్ ఎక్కిన కాసేపటికి వచ్చి ముఖానికి తగిలి ఉండాలి. గాలి అంత బుద్ధిగా గీత గీసినట్టు రాదనుకోండి, గుట్టలకు తగిలి మెలికలు తిరుగుతుంది, ఎండెక్కితే పైకి లేస్తుంది. బోర్డు మీద మాత్రం ఈ లెక్క చక్కగా కుదురుతుంది.

గాలి సంగతి ఎట్లా ఉన్నా, నీళ్ళలో చుట్టరికం మాత్రం నిజం. మూసీ పుట్టింది మా జిల్లాలోని అనంతగిరి కొండల్లో. హుస్సేన్‌సాగర్‌ను 1562 ప్రాంతంలో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, హుస్సేన్ షా వలీ దగ్గరుండి కట్టించాడు. మూసీ ఉపనది మీద కట్ట వేసి, మూసీ నుంచి కాలువ కూడా తవ్వి నీళ్ళు తెచ్చారు. ఆ లెక్కన ఈ చెరువు హైదరాబాద్ కంటే దాదాపు ముప్ఫయి ఏళ్ళు పెద్దది. ఆ పాత నీళ్ళు ఇప్పుడు లేవు. నగరం మురుగంతా ఎన్నో ఏళ్ళు అందులో కలిసింది, గాలి మారినప్పుడల్లా ఆ వాసన బండ్ మీదికి వస్తుంది. మా ఆవిడ టిఫిన్ డబ్బా మూత తెరిచి మళ్ళీ మూసింది.

ఇలాంటి చెరువులో దేశంలోని మంచి మంచి సెయిలర్లు ఏటా వానాకాలంలో వచ్చి పోటీపడతారంటే ఊళ్ళో చాలామందికి తెలియదు. సికింద్రాబాద్‌లో సైన్యానికి చెందిన ఈఎంఈ విభాగం ఉంది. దాని సెయిలింగ్ సంఘం దశాబ్దాలుగా ఇక్కడ పడవలు నడుపుతోంది. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలు దాని చలవే. 2009లో సుహీమ్ షేక్ మొదలుపెట్టిన హైదరాబాద్ యాట్ క్లబ్ వాళ్ళు మాన్‌సూన్ రెగట్టా పేరుతో పిల్లల పోటీలు నడుపుతారు. టికెట్టు లేదు, గ్యాలరీ లేదు. బండ్ మీద మొక్కజొన్న కంకి కొనుక్కుని నిలబడి చూడటమే.

పోటీ మొదలయ్యే తీరు ముందు చెప్పాలి, ఎందుకంటే చూసేవాళ్ళకు మొదట అర్థం కానిది అదే. పరుగు పందెంలో లాగా అందరూ గీత వెనక కదలకుండా నిలబడే వీలు ఇక్కడ లేదు. గాలిలో పడవ ఆగదు. అందుకని నిర్వాహకుల పడవకూ, నీళ్ళలో తేలే ఒక బోయాకూ మధ్య కనబడని గీత ఒకటి ఊహించుకుంటారు. అయిదు నిమిషాల ముందు ఆ పడవల తరగతి జెండా ఎగరేసి హారన్ కొడతారు. నాలుగు నిమిషాలప్పుడు నీలం మధ్యలో తెల్ల చదరం ఉన్న జెండా ఎగురుతుంది. ఒక్క నిమిషం ఉందనగా దాన్ని దించి పొడుగ్గా హారన్. చివరికి మొదటి జెండా దిగిందంటే పోటీ మొదలు. ఈ అయిదు నిమిషాలూ పడవలన్నీ గీత వెనకాల ఒకదాన్నొకటి రాసుకుంటూ, తిరుగుతూ, ఆగినట్టు నటిస్తూ ఉంటాయి. అచ్చం మెహదీపట్నం సిగ్నల్ దగ్గర ఆటోలే. పచ్చలైటు పడకముందే ముందుచక్రం గీత దాటినవాడికి ఇక్కడ శిక్ష ఉంది. తెలుపు మీద నీలం శిలువ గుర్తు జెండా ఎగురుతుంది, వాడు వెనక్కి వచ్చి మళ్ళీ గీత దాటాలి. పాయింట్ల పద్ధతి కూడా తిరగేసిందే. మొదట వచ్చినవాడికి 1, రెండోవాడికి 2. వారం చివర ఎవరికి తక్కువుంటే వాళ్ళదే గెలుపు.

"అంటే సున్నా మార్కులొచ్చినోడు ఫస్టా?" అంది చిన్నది, చాలా ఆశగా.

సరే, నాయిన ప్రశ్నకు వస్తాను.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. తెరచాప గురించీ విమానం రెక్క గురించీ నేను చాలా ఏళ్ళు పిల్లలకు తప్పు చెప్పాను. ఉబ్బిన వైపు దారి ఎక్కువ కాబట్టి అటు పోయే గాలి, చదునుగా ఉన్న వైపు గాలిని చివర్లో అందుకోవడానికి ఉరుకుతుందని, అందువల్ల అక్కడ పీడనం తగ్గుతుందని చెప్పేవాణ్ణి. ఎన్నో పాఠ్యపుస్తకాల్లోనూ ఇదే ఉండేది. విడిపోయిన గాలి కణాలు చివర్లో మళ్ళీ కలుసుకోవాలని ఎక్కడా రాసి లేదు. కొలిచి చూస్తే అవి కలవవు కూడా. ఉబ్బిన వైపు గాలి నిజంగానే వేగంగా పోతుంది, పీడనమూ తగ్గుతుంది, కానీ కారణం ఆ తోడు వెతుక్కోవడం కాదు.

అసలు కారణం వంటింట్లో దొరుకుతుంది. కుళాయి సన్నగా తిప్పి, గరిటెను కాడ చివర పట్టుకుని వేలాడదీసి, దాని ఉబ్బు వైపును నీటిధారకు మెల్లగా తగిలించండి. ధార గరిటెను అవతలికి నెడుతుందనుకుంటాం. కానీ ధారే గరిటెను తనలోకి లాక్కుంటుంది. నీళ్ళు ఆ ఉబ్బును అంటుకుని వంపు తిరిగి ఒక పక్కకు పోతాయి, గరిటె రెండో పక్కకు పోతుంది. ధారను గరిటె వంచింది, గరిటెను ధార లాగింది. న్యూటన్ మూడో సూత్రం అంటే ఇదే. తెరచాప చేసేదీ అదే పని. అది గాలిని ఆపదు, దారి మళ్ళిస్తుంది. కొద్దిగా వంపుతో, గాలికి కాస్త ఏటవాలుగా నిలబడి, రెండు వైపులా పోయే గాలిని ఒక పక్కకు వంచుతుంది. గాలి ఆ పక్కకు పోతే తెరచాపను రెండో పక్కకు లాగుతుంది. ఈ లాగుడు గాలి పోయే దిక్కులో ఉండదు, దాదాపు దానికి అడ్డంగా ఉంటుంది. కిటుకంతా అక్కడే ఉంది.

ఇది చెబితే నాయినకు ఎక్కలేదు. చిన్నదానికి మాత్రం ఎక్కింది. "పొద్దుగాల పరిగిల జూసిన ఫ్యాన్ల లెక్కనా డాడీ?"

నాకు ఆ పోలిక తట్టనే లేదు. గాలిమర రెక్క గాలి వెంట కొట్టుకుపోదు. గాలి ఎదురుగా వచ్చి తాకుతుంటే అది గాలికి అడ్డంగా గిరగిరా తిరుగుతుంది. దాని కొస వేగం గాలి వేగానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పొట్టు ఎప్పటికీ గాలిని మించి పోలేదు. రెక్క పోగలదు, ఎందుకంటే అది గాలి నుంచి పారిపోవడం లేదు, గాలికి అడ్డంగా కోసుకుపోతోంది. పడవల్లోనూ ఇంతే. గాలిని వీపు మీద పెట్టుకుని పోయే పడవ గాలి కంటే వేగంగా పోలేదు. గాలి పక్క నుంచి వస్తుంటే ఆ హద్దు ఉండదు. 2012 నవంబరులో నమీబియా దేశపు వాల్విస్ బే తీరంలో పాల్ లార్సెన్ అనే ఆస్ట్రేలియన్ సెయిల్‌రాకెట్ 2 అనే పడవను 65.45 నాట్ల వేగంతో నడిపాడు. నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు, కాబట్టి అది గంటకు 121 కిలోమీటర్లు. ఆ రోజు గాలికి అందులో సగం వేగం కూడా లేదు.

అయితే ఇంకా సగం కథ మిగిలింది. తెరచాప మీది లాగుడు చాలా వరకు పక్కకు, కొంచెం మాత్రమే ముందుకు ఉంటుంది. అలాంటప్పుడు పడవ పక్కకు కొట్టుకుపోవాలి కదా? నాయిన అడిగింది సరిగ్గా అదే. జవాబు కూడా ఆయనే ఇచ్చుకున్నాడు, నేను పడవ కింది పలక సంగతి చెప్పగానే. ఈ పడవల నడుమ ఒక చీలిక ఉంటుంది. అందులోంచి కత్తిలాంటి పలకను నిలువుగా నీళ్ళలోకి దించుతారు.

"గాడిల పడ్డ బండి లెక్కనా?" అన్నాడు.

వాన వెలిసిన తర్వాత మట్టిదారిలో ఎడ్లబండి చక్రాలు గాడి తీస్తాయి. ఆ గాడిలో పడ్డ బండిని తాడు కట్టి ఏటవాలుగా, పక్కకు లాగినా అది పక్కకు రాదు. గాడి వెంబడి ముందుకే దొర్లుతుంది. నీళ్ళలో దిగిన ఆ పలక పడవకు గాడి లాంటిది. ముందుకు కోసుకుపోవడం తేలిక, అడ్డంగా నీళ్ళను తోసుకుపోవడం కష్టం. గాలి కంటే నీళ్ళు ఎనిమిది వందల రెట్లు చిక్కన, అందుకే ఏడు చదరపు మీటర్ల తెరచాపను అదుపులో పెట్టడానికి మూరెడు వెడల్పు కూడా లేని పలక సరిపోతుంది.

ఇంత మాట్లాడాక మా ఆవిడ పులిహోర పొట్లాలు విప్పుతూ ఒక్క ముక్కలో తేల్చేసింది. "నానబెట్టిన చింతపండు పిసుకుతుంటె గింజ వేళ్ళ నడుమకెల్లి జారి గోడకు తగుల్తది గద. నువ్వు నొక్కేది రెండు పక్కల, అది పోయేది ముంగటికి."

నేను తరగతిలో బాణం గుర్తులు గీసి, బలాలను విడదీసి, సైన్, కొసైన్ రాసి చెప్పేదంతా ఆ చింతగింజలో ఉంది. ఒక వేలు గాలి, తెరచాప. రెండో వేలు నీళ్ళు, పలక. మధ్యలో నలిగిన పడవ జారిపోవడానికి మిగిలిన దారి ముందుకే. ఇకమీదట బోర్డు మీద బాణాలు గీసే ముందు బడికి గుప్పెడు చింతపండు తీసుకుపోదామనుకుంటున్నాను.

దీనికి ఒక హద్దుంది. గాలికి సరిగ్గా సూటిగా ఏ పడవా పోలేదు. ముక్కును గాలికి ఎదురు నిలబెడితే తెరచాప ఉతికి ఆరేసిన చీరలా టపటపా కొట్టుకుంటుంది, పడవ ఆగిపోతుంది. ఇటు 45, అటు 45 డిగ్రీల మేర నిషిద్ధ ప్రాంతం. అందుకని కొంతదూరం గాలికి ఎడమపక్కగా, కొంతదూరం కుడిపక్కగా మలుపులు తిరుగుతూ పోతారు, వికారాబాద్ నుంచి బస్సు అనంతగిరి ఘాట్ ఎక్కినట్టు. నిట్టనిలువుగా ఎక్కలేని కొండను మలుపులతో ఎక్కడమే ఇది. గాలి వచ్చే దిక్కున చేరాల్సిన బోయా కిలోమీటరు దూరంలో ఉంటే ఈ మలుపుల దారి 1,414 మీటర్లు. రెండు మలుపుల్లో తిరిగినా, ఇరవై మలుపుల్లో తిరిగినా మొత్తం అంతే, ప్రతి మలుపులో పోయే కాస్త వేగం తప్ప.

దారి అందరికీ ఒకటే అయితే ముందూ వెనకా ఎందుకవుతారు? గాలి అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి. పోటీ అంటూ ఉన్నది ఈ ఊగులాటలోనే. దీన్ని సెయిలర్లు ఒక నిచ్చెనగా ఊహించుకుంటారు. గాలి వచ్చే దిక్కుకు నిచ్చెన నిలబెట్టి ఉందనుకోండి. ఒకే మెట్టు మీద, ఒకడు కుడి కొసన, ఒకడు ఎడమ కొసన, నూరు మీటర్ల ఎడంతో ఉన్నారు. ఇద్దరూ సమానం. ఇప్పుడు గాలి ఒక్క 10 డిగ్రీలు కుడికి మళ్ళింది. నిచ్చెన మొత్తం అటు తిరిగిపోయింది. ఎవడూ అంగుళం కదలకపోయినా కుడి కొసన ఉన్నవాడు రెండోవాడి కంటే 17 మీటర్లు పై మెట్టులో ఉన్నాడు. అంటే నాలుగు పడవల పొడవు, పుణ్యానికి వచ్చింది. ఎడమవాడు ఏ తప్పూ చేయలేదు పాపం.

హుస్సేన్‌సాగర్ ఈ విషయంలో పేరుమోసిన గడుగ్గాయి. సముద్రం మీద గాలి పెద్దమనిషిలా వస్తుంది. ఇక్కడ చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు, ఫ్లైఓవర్లు. ఎత్తయిన కట్టడానికి తగిలిన గాలి రెండుగా చీలి, వెనకాల సుడులు తిరిగి, నీళ్ళ మీదికి ముక్కలు ముక్కలుగా దిగుతుంది. ఎండ కాసేపు వచ్చి పోతే ఆ సుడుల తీరు మళ్ళీ మారుతుంది. మా ఎదురుగానే రెండు పడవలు పక్కపక్కన పోతూ ఉండగా ఒకటి ఒరిగి దూసుకుపోయింది, రెండోది అక్కడే చల్లబడిపోయింది. వాటి మధ్య ఎడం మా పెరటి వెడల్పు కూడా ఉండదు.

గాలి కనబడదు కదా, ఎట్లా కనిపెడతారన్నది చిన్నదాని అనుమానం. ఇక్కడ మాత్రం నాయిన నా కంటే ముందే చూశాడు. "అగో, నల్లగ రావట్టె," అని వేలు చూపించాడు. దూరంగా నీళ్ళ మీద ఒక నల్లటి మరక లాంటిది మా వైపు జరుగుతోంది. అది చేరిన చోటల్లా తెరచాపలు ఒరుగుతున్నాయి. జొన్నచేను మీద గాలితెర పోతుంటే చేను రంగు మారుతూ పోవడం ఆయన చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు. కంటికి అలవాటైన ఆట అదే. కదలని నీళ్ళు అద్దంలా ఆకాశపు వెలుగును మన కంటికి తిప్పికొడతాయి. గాలి తాకగానే లేచే సన్నటి ముడతలు ఆ అద్దాన్ని పగలగొడతాయి, వెలుగు నలుదిక్కులా చెదిరి ఆ మేర నల్లబడినట్టు కనిపిస్తుంది. పోటీలో ఉన్నవాళ్ళు మెడ తిప్పి తిప్పి చూసేది పక్కవాడి కోసం కాదు, ఈ మరకల కోసం.

నల్లమరక వచ్చి తాకినప్పుడు పడవలోని మనిషి ఏం చేస్తాడో చూడాల్సిందే. కాళ్ళు పడవలోని పట్టీలో ఇరికించి, నడుము నుంచి పై శరీరమంతా బయట నీళ్ళ మీద వేలాడేస్తాడు. జుట్టు అలలకు తగులుతుంటుంది. ఎందుకంటే గాలి వేగం రెట్టింపైతే దాని తాకిడి నాలుగింతలవుతుంది. గంటకు 18 కిలోమీటర్ల గాలి ఈ తెరచాప మీద 13 కిలోల బరువంత నెడుతుందనుకుంటే, 36 కిలోమీటర్ల గాలి 50 కిలోలు దాటి నెడుతుంది. అదీ మనిషి ఎత్తుకు పైన. ఆ ఒరుగుదలకు విరుగుడు మనిషి బరువు ఒక్కటే, దాన్ని ఎంత దూరం జరిపితే అంత పని చేస్తుంది. ఏతం తొక్కడం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. దూలం మీద మనిషి రెండడుగులు వెనక్కి నడిస్తే బావిలో బాన పైకి లేచేది.

అయినా ఒక పడవ తిరగబడింది. చూస్తుండగానే తెరచాప నీళ్ళలో పరుచుకుంది, పడుచువాడు మాయమయ్యాడు. మా ఆవిడ "అయ్యో" అని లేచి నిలబడింది. రెండు క్షణాల్లో అతను అవతలి వైపు తేలి, నీళ్ళ పైకి వచ్చిన ఆ పలక మీదికెక్కి నిలబడ్డాడు. ఏతం మళ్ళీ పని చేసింది. పడవ నెమ్మదిగా లేచింది, అతను దొర్లుకుంటూ లోపలికెక్కాడు. అరనిమిషం, పదిహేను స్థానాలు, నోట్లోకి పోయిన సాగర్ నీళ్ళు. నష్టం అంతే.

తిరగబడటం అన్నిసార్లూ ఇంత తేలిగ్గా పోదు. నడిచెరువులో నిలబడ్డ బుద్ధుడి విగ్రహం దానికి సాక్షి. 18 మీటర్ల ఏకశిల. 1990 మార్చిలో బల్లకట్టు మీద తీసుకెళుతుండగా ఒరిగి నీళ్ళలో పడింది, మనుషుల ప్రాణాలు పోయాయి. రెండేళ్ళకు పైగా చెరువు అడుగున పడుకుని ఉన్న విగ్రహాన్ని 1992 డిసెంబరు 1న ఇప్పుడున్న రాతిదిబ్బ మీద నిలబెట్టారు. వందల టన్నుల బరువు నీటిమట్టానికి ఎగువన ఉన్న బల్లకట్టు కాస్త ఒరిగితే చాలు, ఆ బరువే దాన్ని ఇంకా ఒరిగేలా చేస్తుంది. వేలాడే మనిషి దానికి సరిగ్గా తిరగేసిన పని చేస్తాడు. నాయినకు ఆ వార్త గుర్తుంది. విగ్రహం వైపు చూసి చేతులు జోడించాడు.

మధ్యాహ్నం గాలి పడిపోయింది. పడవలన్నీ ఎక్కడివక్కడ బొమ్మల్లా నిలబడ్డాయి. ఇటువంటప్పుడు చూడ్డానికి ఏమీ ఉండదు కాబట్టి కాస్త పక్కకు పోతాను. తెరచాప అన్న మన మాటలోనే చాప ఉంది. సముద్రం మన భాషకు కొత్త కాదు, సముద్రం లేని తెలంగాణకూ కొత్త కాదు. శాతవాహనుల నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. ఓరుగల్లు నుంచి పాలించిన కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా రాజులు గుంజుకునేవారట. తాను అలా చేయనని, న్యాయమైన సుంకం తప్ప మిగతాది వర్తకులకే వదిలేస్తానని మాటిచ్చాడు. గాలికి ఎదురు నడవడం అంత బాగా రాని ఓడల కాలం అది. రుతుపవనంతో వచ్చి, గాలి దిక్కు మారేదాకా నెలల తరబడి రేవులో కాచుకుని, మళ్ళీ ఆ గాలితో పోయేవారు. గాలి తప్పితే ఓడ ఎవడి ఒడ్డుకు పోతుందో ఎవడికీ తెలియదు. అలాంటి వర్తకుడికి ఆ శాసనం ఎంత పెద్ద హామీయో, తిరగబడిన ఆ పడవను చూశాక నాకు కొంచెం తెలిసింది.

మా ముందు నిలబడిపోయిన పడవలు ఎక్కువగా లేజర్లు. ఇప్పుడు ఐఎల్‌సీఏ అంటున్నారు. కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ 1969లో ఫోన్లో మాట్లాడుతూ కాగితం మీద గీసిన బొమ్మ అది. పొడవు 4.2 మీటర్లు, పడవ బరువు 59 కిలోలు, ఒక మనిషి, ఒక తెరచాప. ప్రపంచంలో రెండు లక్షలకు పైగా తయారయ్యాయి, 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. అన్ని పడవలూ అచ్చుగుద్దినట్టు ఒకటే కాబట్టి డబ్బున్నవాడికి మంచి పడవ దొరకదు. మన విష్ణు శరవణన్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కంచు పతకం గెలిచింది ఈ పడవ మీదే. అవే క్రీడల్లో ఇదే కుటుంబంలోని చిన్న తెరచాప పడవ మీద వెండి పతకం తెచ్చిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్ పిల్ల. సముద్రం లేని రాష్ట్రం నుంచి వచ్చి, భోపాల్ చెరువులో నేర్చుకుంది.

సాయంత్రానికి పిల్లల పడవలు వచ్చాయి. వాటి పేరు ఆప్టిమిస్ట్. ముక్కు కోసేసిన తొట్టిలా ఉంటాయి, ఏడున్నర అడుగుల పొడవు. 1947లో అమెరికాలో ఫ్లోరిడా వాసి క్లార్క్ మిల్స్ ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీట్లు రెండింట్లో మొత్తం పడవ అయిపోయేలా గీశాడు, పిల్లల నాన్నలు ఇంటి వెనక చేసుకునేలా. ఆ ఆకారానికి కారణం అందం కాదు, ప్లైవుడ్ కొలత. హైదరాబాద్ యాట్ క్లబ్ వాళ్ళు ప్రభుత్వ బడుల పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, తీసుకొచ్చి ఈ తొట్లలో కూర్చోబెట్టి నేర్పుతారు. హాంగ్‌ఝౌలో ఇద్దరు నడిపే 470 పడవలో సుధాంశు శేఖర్‌తో కలిసి పోటీపడ్డ ప్రీతి కొంగర ఇక్కడి నీళ్ళలో తయారైన అమ్మాయే.

నీళ్ళ మీది నుంచి సన్నటి గొంతొకటి గట్టిగా "స్టార్‌బోర్డ్" అని అరిచింది. గాలి పడవ కుడివైపు నుంచి తగులుతుంటే దారి నీది, ఎడమవైపు నుంచి తగిలేవాడు తప్పుకోవాలి. తప్పుకోకపోతే అక్కడికక్కడే రెండు చుట్లు గుండ్రంగా తిరగడం శిక్ష. అరిచిన పిల్లకు పదేళ్ళుంటాయేమో. తప్పుకున్న అబ్బాయి దానికి రెట్టింపున్నాడు. మా చిన్నది ఆ పిల్ల వైపే చూస్తూ ఉండిపోయింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాయిన "గిప్పుడు గాలి ఎటుకెల్లి వస్తుంది?" అని చిన్నదాన్ని పరీక్ష పెట్టాడు. ముందు నుంచి, అంది అది. బస్సు ఆగగానే గాలి పక్కకు మారింది. పడవలో కూర్చున్నవాడికీ ఇంతే, అసలు గాలికి తన వేగం వల్ల పుట్టిన ఎదురుగాలి కలిసి మూడో గాలి ఒకటి తయారవుతుంది. తెరచాపకు తెలిసిన గాలి అదొక్కటే. వేగం పెరిగేకొద్దీ అది మరీ ముందుకు జరుగుతుంది, తెరచాపను ఇంకా బిగించి పట్టాలి. ఇది చెబుదామనుకునేలోపు చిన్నది నా భుజం మీద నిద్రపోయింది.

మరునాడు సాయంత్రం అది థర్మాకోల్ ముక్క, పాలప్యాకెట్ కవరు, చీపురుపుల్లలతో పడవ ఒకటి చేసి మా ఊరి చెరువులో వదిలింది. కట్ట మీద తాత కాపలా. పక్కగాలికి అది పీతలా అడ్డంగా జరుక్కుంటూ గాలి పోయిన దిక్కుకే, పొట్టులాగే, పోయింది. తాత మోకాలిలోతు నీళ్ళలోకి దిగి తెచ్చిచ్చాడు. "కింద పలకేదే?" అన్నాడు. అది ఇంట్లోకి ఉరికి, జామెట్రీ బాక్స్‌లోని ప్లాస్టిక్ స్కేలు తెచ్చి థర్మాకోల్‌లో నిలువుగా గుచ్చింది. రెండోసారి పడవ ఒక క్షణం తడబడి, ఒరిగి, గాలిని పక్కనే పెట్టుకుని ముందుకు నడిచింది. చుక్కాని లేదు కాబట్టి దారి మళ్ళించేవాళ్ళూ లేరు. చెరువు నడిమి దాకా వంపుగా పోయి, అవతలి ఒడ్డున బర్రెలు పడుకున్న చోట ఆగింది. మేం చుట్టూ తిరిగి వెళ్ళేసరికి ఒక దూడ పాలప్యాకెట్ నములుతోంది. స్కేలు దొరకలేదు. లెక్కల హోంవర్క్‌లో త్రిభుజాలన్నీ ఆ రాత్రి అట్టముక్కతో గీసింది.